దహనానికి చోటుంది, అస్థికలకు చోటెక్కడ? – విశాఖలో ఖననం నుంచి దహనం వైపు

సంక్షిప్తంగా: తరతరాలుగా ఖననమే ఆచారంగా ఉన్న కుటుంబాల్లో కొన్ని ఇప్పుడు దహనం గురించి ఆలోచిస్తున్నాయి. శ్మశానాల్లో నేల కొరత, దూరదేశాల్లో స్థిరపడిన పిల్లలు, సమాధి నిర్వహణ భారం ఇందుకు ప్రధాన కారణాలు. క్యాథలిక్ సభ (చర్చి) 1963లోనే దహనంపై నిషేధం ఎత్తివేసింది. అయితే ఆచరణలో ఈ మార్పును ఆపుతున్నది మతసిద్ధాంతం కన్నా, దహనం తరువాత మిగిలే అస్థికలకు శాశ్వతమైన చోటు లేకపోవడం. ఇస్లాం దహనాన్ని అనుమతించదు కనుక, దహనం ఎంత పెరిగినా ఖననభూముల అవసరం తీరిపోదు.

కొండలకూ సముద్రానికీ మధ్య

విశాఖపట్నం అన్ని వైపులా పెరగడానికి వీలున్న ఊరు కాదు. తూర్పున బంగాళాఖాతం, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ నగరాన్ని కట్టడి చేస్తున్నాయి. మధ్యలో మిగిలిన చదును నేలలో పెద్ద భాగం పోర్టు, నౌకాదళం, రైల్వే, ఉక్కు కర్మాగారం వంటి సంస్థల అధీనంలో ఉంది. సింహాచలం దేవస్థానానికి సంబంధించిన పంచగ్రామాల (ఐదు గ్రామాల) భూములు ఎవరివన్న సమస్య దశాబ్దాలుగా నలుగుతూ వస్తోంది. 2005లో గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. 2011 జనాభా లెక్కల నాటికే నగర జనాభా 17 లక్షలు దాటింది. బతికున్నవారి ఇళ్లకే చోటు చాలని ఊళ్లో శ్మశానానికి కొత్తగా ఒక ఎకరం కేటాయించడం తేలిక కాదు. కేటాయించినా, పక్క కాలనీల వారు అభ్యంతరం చెప్పడం ప్రతి నగరంలోనూ చూస్తున్నదే.

ఒకప్పుడు ఊరి చివర ఉన్న శ్మశానాలు నేడు ఊరి నడుమకు వచ్చేశాయి. పేరులోనే చావును మోస్తున్న చావులమదుం ఇప్పుడు లారీలతో, ఆటోలతో కిక్కిరిసిన కూడలి. దానికి దగ్గరలోని జ్ఞానాపురం క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న పేట. నగరంలోని పెద్ద హిందూ శ్మశానవాటికల్లో ఒకటి కూడా అక్కడే ఉంది. కాల్చేవారూ పూడ్చేవారూ ఇంత దగ్గరగా బతికిన ఊళ్లో, ఒకరి పద్ధతి మరొకరికి తెలియనిది కాదు. అందువల్ల దహనం అనే ఆలోచన ఇక్కడి క్రైస్తవ కుటుంబాలకు పరాయి దేశం నుంచి దిగుమతి అయినది కాదు, పక్క వీధిలో రోజూ కనిపించేదే.

ఖననపు చరిత్ర కూడా ఇక్కడ చాలా పాతది. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు పదిహేడో శతాబ్దం నాటి వర్తక స్థావరానికి గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నాయి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో విశాఖకు వచ్చారు. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన క్యాథలిక్ గురువులు 1846లో అడుగుపెట్టారు. ఆ తరువాత బాప్టిస్టు, లూథరన్ సంఘాలు ఈ ప్రాంతంలో వేళ్లూనాయి. ఏ సంఘం ఎక్కడ స్థిరపడినా ప్రార్థనామందిరంతో పాటు సమాధుల తోటకూ నేల చూసుకుంది. నాటి సంఘాలు చిన్నవి, నేల విస్తారం. ఆ రెండూ నేడు తారుమారయ్యాయి.

ఒక సమాధి ఎంత కాలం, ఎంత నేల

ఖననం వల్ల నేల తరిగిపోతుందన్న మాట సగమే నిజం. మట్టి సమాధి నేలను శాశ్వతంగా ఆక్రమించదు. పెట్టె లేకుండా, గాలి ఆడే పొడి మట్టిలో ఐదారడుగుల లోతున పూడ్చిన దేహం సుమారు పది, పన్నెండేళ్లలో ఎముకలుగా మిగులుతుంది. అదే గోతిని మరొకరి కోసం తెరవవచ్చు. గ్రామాల్లో తరతరాలుగా చిన్న శ్మశానం సరిపోతూ రావడానికి రహస్యం ఇదే.

నేలను శాశ్వతంగా ఆక్రమించేది సిమెంటుతో, గ్రానైటుతో కట్టే పక్కా సమాధి. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గోతి చుట్టూ గట్టు కట్టి, అంచులూ బాటలూ విడిచిపెడితే, ఎకరానికి వెయ్యికి కాస్త అటూఇటూగా సమాధులు పడతాయి. అవి నిండిన తరువాత ఆ ఎకరం ఇక కదలదు. దీనికి నేల స్వభావం కూడా తోడవుతుంది. సముద్రతీరానికి దగ్గరగా భూగర్భజలం పైకి ఉన్నచోట, నీరు నిలిచే బంకమట్టిలో, గాలి అందక దేహం కుళ్లే ప్రక్రియ మందగిస్తుంది. దేహంలోని కొవ్వు మైనం వంటి పదార్థంగా మారి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. మందపాటి చెక్కపెట్టె, లోపల ప్లాస్టిక్ పరుపు, నైలాన్ బట్టలు ఆ కాలాన్ని మరింత పొడిగిస్తాయి. గోతిని మళ్లీ తెరిచే పనివారికి ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

నగరాలు దీనికి తమ తమ దారులు వెతుక్కున్నాయి. చెన్నైలోని కీల్పాక్ క్రైస్తవ శ్మశానంలో కొత్త గోతులకు చోటు కరవై, కుటుంబ సమాధులనే నిర్ణీత గడువు తరువాత మళ్లీ తెరిచే పద్ధతి అమలులోకి వచ్చింది. విశాఖలోనూ తాతను పూడ్చిన చోటనే మనవడిని పూడ్చే కుటుంబ సమాధుల వాడుక ఉంది. నిజానికి దహనం జోలికి పోకుండానే నేల కొరతను కొంత తగ్గించే మార్గం ఇది: పక్కా కట్టడాలను మానుకొని, పలుచని చెక్కపెట్టెతో లేదా గుడ్డతో మట్టి సమాధికి తిరిగి రావడం. ముస్లింల ఖబరస్తాన్లలో కఫన్ (శవానికి చుట్టే) గుడ్డతో నేరుగా మట్టిలో దఫన్ (ఖననం) చేసే పద్ధతి ఈ విషయంలో మిగిలినవారికి పాఠం చెప్పగలదు. దహనం గురించిన చర్చలో ఈ సంగతి తరచుగా మరుగున పడిపోతోంది.

ఖననం క్రైస్తవులది మాత్రమే కాదు

హిందువులు కాలుస్తారు, తక్కినవారు పూడుస్తారు అనే విభజన ఉత్తరాంధ్ర వాస్తవానికి సరిపోదు. జంగములు, లింగధారులు మృతుని కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. సన్యాసులకు సమాధే విధి. పళ్లు రాని పసిపిల్లలను అన్ని కులాలవారూ పూడ్చిపెడతారు. వెనుకబడిన, దళిత కులాల్లో పలు కుటుంబాలకు పూడ్చడమే ఆచారం. పల్లెల్లో సొంత పొలం గట్టునో, చెరువు దిగువనో పెద్దల సమాధులు ఉండడం, పండుగనాడు అక్కడ దీపం పెట్టడం మామూలే.

అటువంటి కుటుంబం బతుకుతెరువు కోసం గాజువాకకో, మధురవాడకో వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నప్పుడు పరిస్థితి మారిపోతుంది. మృతదేహాన్ని ఇంట్లోకి తేవడానికే ఇంటి యజమాని ఒప్పుకోని సందర్భాలు తెలుగు నగరాలన్నిటిలోనూ ఉన్నాయి. స్వగ్రామానికి తీసుకువెళ్లే స్తోమత లేనప్పుడు, నగరంలో గొయ్యికి చోటు దొరకనప్పుడు, ఆస్పత్రి శవాగారం నుంచి నేరుగా శ్మశానవాటికకు వెళ్లి దహనం చేయడమే సాధ్యమైన దారి అవుతుంది. ఈ మార్పు పత్రికలకెక్కదు, మతచర్చకు దారితీయదు. కానీ ఆచారాలను వదులుకునే క్రమంలో, అద్దె ఇల్లు కూడా బలంగా పనిచేస్తోందని చెప్పక తప్పదు.

సభ ఏమంటోంది

విశాఖలో ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్ మిషన్) అని పిలుచుకునే క్యాథలిక్ సంఘం విషయంలో నియమాలు స్పష్టంగా ఉన్నాయి. 1886లో రోము (వాటికన్‌లోని క్యాథలిక్ అధిష్ఠానం) దహనాన్ని నిషేధించింది. మృతులు తిరిగి లేస్తారన్న పునరుత్థాన విశ్వాసాన్ని వెక్కిరించడానికే ఐరోపాలో కొందరు దహనాన్ని ప్రచారం చేస్తున్నారన్నది నాటి భయం. 1963లో ఆ నిషేధం తొలగింది. 1983 నాటి సభా చట్టం ఖననాన్నే గట్టిగా సిఫారసు చేస్తూ, క్రైస్తవ బోధకు వ్యతిరేకమైన ఉద్దేశంతో ఎంచుకుంటే తప్ప దహనాన్ని నిషేధించలేదు. 2016లో వెలువడిన సూచనలు అస్థికల విషయంలో గీత గీశాయి: వాటిని శ్మశానంలోనో, ఆలయంలోనో (చర్చిలోనో), అందుకోసం ప్రత్యేకించిన పవిత్ర స్థలంలోనో ఉంచాలి, గాలిలో, నీటిలో చల్లరాదు, కుటుంబ సభ్యులు పంచుకోరాదు, ఇంట్లో దాచుకోరాదు. 2023 డిసెంబరులో కొంత సడలింపు వచ్చింది. పలువురి అస్థికలను ఒకేచోట చేర్చే ఉమ్మడి పవిత్ర స్థలాన్ని ఏర్పాటు చేయవచ్చునని, కుటుంబం కోరితే కొద్ది భాగాన్ని మృతునికి ప్రీతిపాత్రమైన చోట ఉంచడాన్ని సభాధికారులు పరిశీలించవచ్చునని రోము వివరణ ఇచ్చింది.

ప్రొటెస్టెంటు సంఘాల్లో దహనంపై సిద్ధాంతపరమైన నిషేధం సాధారణంగా లేదు. అలవాటు మాత్రం ఖననమే. స్వతంత్ర సంఘాల్లో పాస్టరు మాటే చెల్లుతుంది కనుక, ఒకే వీధిలోని రెండు సంఘాలు రెండు రకాలుగా స్పందించవచ్చు. వ్యతిరేకించేవారు దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్న వాక్యాన్ని, అబ్రాహాము తన భార్య కోసం గుహను కొన్న ఘట్టాన్ని గుర్తుచేస్తారు. సమర్థించేవారు యుద్ధంలో మరణించిన సౌలు రాజు, అతని కుమారుల ఉదంతాన్ని చూపుతారు. యాబేష్గిలాదు పట్టణం వారు ఆ మృతదేహాలను కాల్చి, ఎముకలను చెట్టుకింద పాతిపెట్టారని సమూయేలు మొదటి గ్రంథం చివరి అధ్యాయం చెబుతుంది. కాల్చడమూ పాతిపెట్టడమూ ఒకే అంత్యక్రియలో కలిసి ఉన్న ఆ ఘట్టం, నేటి ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంది.

ఇస్లాంలో ఈ చర్చకు తావు లేదు. గుస్ల్ (మృతదేహానికి స్నానం), కఫన్, జనాజా నమాజు (మృతుని కోసం ప్రార్థన), దఫన్ అన్నవి సమాజం మీద ఉన్న విధులు. దహనం ప్రత్యామ్నాయం కాదు.

కొలిమి లోపల

దహనం అనగానే రెండు వేర్వేరు పద్ధతులను విడదీసి చూడాలి. కట్టెల చితికి నాలుగైదు వందల కిలోల కట్టె పడుతుంది, పూర్తిగా కాలడానికి గంటల సమయం పడుతుంది. జనం కరెంటు శ్మశానమని పిలుచుకునే విద్యుత్ కొలిమి, లేదా గ్యాస్ కొలిమి, సుమారు 750 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒకటిన్నర, రెండు గంటల్లో పని ముగిస్తుంది. విద్యుత్ కొలిమిని ముందుగా వేడెక్కించాలి. రోజుకు ఒకటో రెండో దేహాలు మాత్రమే వచ్చేచోట ఆ విద్యుత్తంతా దండగవుతుంది. 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద కట్టిన విద్యుత్ దహనవాటికలు పలుచోట్ల కరెంటు కోతలతో, మరమ్మతులు లేక మూలపడడం ఈ రంగానికి తొలి గుణపాఠం.

క్రైస్తవ కుటుంబం కొలిమిని ఎంచుకుంటే ఎదురయ్యే మొదటి చిక్కు పెట్టె. ఖననానికి వాడే శవపేటికకు ఇత్తడి పిడులు, సిలువ, మూతకు అద్దం, లోపల రెక్సిన్ లైనింగు ఉంటాయి. ఇవేవీ కొలిమిలోకి వెళ్లకూడదు. అద్దం కరిగి ఇటుకలకు అంటుకుంటుంది, రెక్సిన్ విషపు పొగ వదులుతుంది. అందుచేత పెట్టెను గేటు వద్దే దించి, దేహాన్ని తెల్లగుడ్డతో వెదురు పాడె మీదకు మార్చవలసి వస్తుంది. చుట్టూ చేరిన బంధువులకు ఆ మార్పిడే అన్నిటికన్నా కష్టమైన క్షణం. దాన్ని ముందే చెప్పి ఉంచడం పాస్టరు బాధ్యత. మృతునికి గుండెలో పేస్‌మేకర్ ఉంటే వైద్యుడి చేత ముందుగా తీయించాలి. అందులోని లిథియం బ్యాటరీ వేడికి పేలుతుంది.

దేహం బండి మీద లోపలికి జరుగుతుంది, ఇనుప తలుపు దిగుతుంది. సమాధి దగ్గర అందరూ తలా గుప్పెడు మన్ను వేసే వీలు ఇక్కడ లేదు. గంటన్నర తరువాత పళ్లెంలోకి లాగినప్పుడు కనిపించేది మెత్తని బూడిద కాదు. తుంటి, తొడ ఎముకల ముక్కలు సుద్దలా తెల్లగా, కొన్నిచోట్ల నీలిబూడిద రంగులో, వేలితో నొక్కితే పొడి అయ్యేలా మిగులుతాయి. రసాయన పరంగా అది చాలా వరకు కాల్షియం ఫాస్ఫేటు. పాశ్చాత్య దేశాల్లో వాటిని మరలో మెత్తగా నూరి ఇస్తారు. మన వద్ద ముక్కలుగానే కుండలోకి ఎత్తి ఇవ్వడం వాడుక. పెద్దవారి అస్థికల బరువు రెండు, మూడు కిలోలు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు గల గూడులో అవి చక్కగా ఇమిడిపోతాయి.

కుండ చేతికి వచ్చిన తరువాత

అసలు సమస్య ఇక్కడే తలెత్తుతుంది. హిందూ కుటుంబానికి కుండ చేతికి రాగానే తరువాతి మెట్టు తెలుసు: అస్థి సంచయనం, సముద్రంలోనో గోదావరిలోనో నిమజ్జనం, చిన్నదినం, పెద్దకర్మ. ఆ క్రియలో నీటికి అప్పగించడమే ముగింపు. ఖననపు ఆచారం గల కుటుంబానికి ముగింపు వేరు. వారికి ఒక చోటు కావాలి. ఈస్టరు నాటి వేకువనో, నవంబరు 2న జరిగే సమాధుల పండుగకో, సున్నం వేసి, బంతిపూల దండ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, పిల్లలకు తాత పేరు చదివి వినిపించడానికి ఒక రాయి ఉండాలి. దహనాన్ని ఎంచుకున్న క్రైస్తవ కుటుంబం కోల్పోతానని భయపడేది దేహాన్ని కాదు, ఆ రాయినే. ఈ భయాన్ని మూఢత్వంగా కొట్టిపారేయడం అన్యాయం.

దహనం విస్తరించిన దేశాలు ఈ చోటు సమస్యను ముందుగా పరిష్కరించుకున్నాయి. జపాన్‌లో మెయిజీ ప్రభుత్వం 1873లో దహనాన్ని నిషేధించింది. నగరాల్లో పూడ్చడానికి నేల చాలక రెండేళ్లకే, 1875లో, నిషేధాన్ని వెనక్కి తీసుకుంది. నేడు అక్కడ దాదాపు అందరినీ దహనం చేస్తారు. అయినా కుటుంబ సమాధి చెక్కుచెదరలేదు. ఒకే రాతికింద తరతరాల అస్థికలు చేరుతాయి. ఇంగ్లండులో 1874లో దహన సమర్థకుల సంఘం పుట్టింది. 1885లో వోకింగ్‌లో తొలి ఆధునిక దహనం జరిగింది, 1902లో చట్టం వచ్చింది. అయినా సగం మంది దహనం వైపు మళ్లడానికి 1960ల చివరి వరకు పట్టింది. దహనవాటిక చుట్టూ స్మారకోద్యానం, పేర్ల పలకలు ఏర్పడడం ఆ మార్పుకు ఊతమిచ్చింది. అమెరికాలో 1960లో నాలుగు శాతానికి లోపే ఉన్న దహనాలు 2015 ప్రాంతంలో ఖననాలను దాటాయి. అక్కడ ప్రధాన కారణం ఖర్చు, దానితో పాటు పుట్టినచోట ఉండని పిల్లలు.

ఈ రెండో కారణం విశాఖకు బాగా వర్తిస్తుంది. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న ఇంట్లో, సమాధికి ఏటా సున్నం వేయించేది ఎవరన్న ప్రశ్నను తల్లిదండ్రులే ముందుగా లేవనెత్తుతారు. చేసేవారు లేని సమాధి కన్నా ఆలయ ప్రాంగణంలోని గూడు మేలన్నది వారి లెక్క. ఆ లెక్క సరైనదే. ఆ గూడును కట్టవలసినవారు మాత్రం కుటుంబాలు కాదు, సంఘాలు. పది అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు గల ఒక గోడలో అడుగు చొప్పున 60 గూళ్లు వస్తాయి. పక్కపక్కన పూడిస్తే ముగ్గురికి మించి పట్టని నిడివిలో 60 కుటుంబాలకు పేరు చెక్కుకునే చోటు దొరుకుతుంది.

ఎంపిక వేరు, బలవంతం వేరు

కోవిడ్ కాలం ఈ తేడాను స్పష్టంగా చూపింది. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ఖననాన్నీ దహనాన్నీ రెంటినీ అనుమతించాయి. అయినా అదే నెల చివర ముంబయి నగరపాలక సంస్థ మతంతో నిమిత్తం లేకుండా కోవిడ్ మృతులందరినీ దహనం చేయాలని ఉత్తర్వు ఇచ్చి, గంటల వ్యవధిలోనే ఉపసంహరించుకుంది. శ్రీలంక అంతటితో ఆగలేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల ఇష్టానికి విరుద్ధంగా దహనాన్ని తప్పనిసరి చేసి, 2021 ఫిబ్రవరి వరకు కొనసాగించింది. ఆ దేశ ప్రభుత్వం 2024లో క్షమాపణ చెప్పింది.

అదే సమయంలో కేరళలోని అలప్పుళ లాటిన్ క్యాథలిక్ మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతీయ సభ) మరో దారి పట్టింది. భూగర్భజలం పైకి ఉండే ఆ తీరప్రాంతంలో లోతైన గొయ్యి తవ్వడం కష్టం కావడంతో, 2020 జూలైలో కోవిడ్ మృతులను ఆలయ శ్మశానంలోనే దహనం చేసి, అస్థికలను అక్కడే సమాధి చేసింది. పద్ధతి మారింది, చోటు మారలేదు. ప్రార్థన, గురువు, కుటుంబ సమాధి అన్నీ నిలిచాయి. ముంబయి, శ్రీలంక ఉత్తర్వులు రేపిన ఆగ్రహానికీ, అలప్పుళలో కుదిరిన అంగీకారానికీ మధ్య ఉన్న తేడా అంతా ఇందులోనే ఉంది.

దహనం అందుబాటులో ఉందన్న సాకుతో ఖననభూముల బాధ్యత నుంచి స్థానిక సంస్థలు తప్పుకునే ప్రమాదమూ లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఒక క్రైస్తవ పాస్టరును స్వగ్రామంలో పూడ్చడానికి అడ్డంకులు ఎదురై, దేహం మూడు వారాలు శవాగారంలో ఉండిపోయింది. సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు 2025 జనవరి 27న భిన్నమైన తీర్పులు ఇచ్చి, చివరికి దూరంలోని క్రైస్తవ శ్మశానంలో అంత్యక్రియలకు ఆదేశించవలసి వచ్చింది. పూడ్చడానికి నేల దొరకనివాడు కాల్చడానికి ఒప్పుకుంటే దాన్ని ఎంపిక అనలేము.

నిర్ణయం ఎవరిది

తన దేహాన్ని ఏమి చేయాలో ఒక వ్యక్తి ముందుగా రాసి ఉంచవచ్చు. కానీ ఆస్తి వీలునామాలా దాన్ని అమలు చేయించడం కష్టం. దేహం ఆస్తి కాదన్నది న్యాయశాస్త్రంలో పాత సూత్రం. ఆచరణలో చివరి మాట దగ్గరి బంధువులదే అవుతుంది. బంధువులే రెండుగా చీలితే వ్యవహారం కోర్టుకెక్కుతుంది. కేరళ సీపీఎం నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరులో మరణించినప్పుడు, దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని కొందరు, క్రైస్తవ పద్ధతిలో ఖననం చేయాలని కొందరు పట్టుబట్టారు. సాక్షుల ఎదుట ఆయన వెల్లడించిన కోరికే దేహదానానికి అనుకూలంగా వివాదాన్ని తేల్చింది. దేహదానం విశాఖలోనూ మూడో దారిగా ఉంది. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల శరీర నిర్మాణ శాస్త్ర బోధనకు దేహాలు నిత్యావసరం.

దహనాన్ని కోరుకునే వ్యక్తి చేయవలసిన పనులు పెద్దవి కావు. ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక కాగితం రాయడం, దాన్ని బీరువాలో కాక పిల్లల చేతిలో పెట్టడం, పాస్టరుతోనో విచారణ గురువుతోనో (స్థానిక క్యాథలిక్ చర్చి గురువుతోనో) ముందే మాట్లాడడం ముఖ్యం. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించడం ఖననానికైనా దహనానికైనా ఒకటే. విడిగా అడగవలసిన ప్రశ్న ఒక్కటి: కుటుంబ సమాధిలో అస్థికల కుండను ఉంచి, రాతిమీద మరో పేరు చెక్కించుకోవడానికి శ్మశాన కమిటీ అనుమతిస్తుందా? పాత సమాధి తలాపున అడుగున్నర గొయ్యి తవ్వితే చాలు, దానికి కొత్త నేల అక్కరలేదు. ఆ అనుమతిని లిఖితపూర్వకంగా ఇచ్చే పద్ధతి లేనిచోట, కుటుంబం కుండ చేతిలో పట్టుకొని శ్మశానవాటిక గేటు దగ్గర నిలబడి కమిటీ పెద్దలకు ఒకరి తరువాత ఒకరికి ఫోన్లు చేయవలసి వస్తుంది.